ఏడో బొమ్మలో ఖాళీ గడి

మా పెద్దమ్మ ఫోన్‌లో పదకొండు ఆటలు ఉండేవి. అందులో ఆమె అడిగి వేయించుకున్నది ఒక్కటే, రంగు రాళ్ళు మూడింటిని ఒక వరుసకు తెచ్చే ఆట. మిగతా పదీ ప్రకటనల్లోంచి దిగినవి. ఆట మధ్యలో ప్రకటన వస్తుంది, దాన్ని మూసే అడ్డగుర్తు ఆవగింజంత ఉంటుంది, వేలు దాని మీద పడక పక్కన పడుతుంది, అంతే, ఇంకో ఆట ఫోన్‌లోకి దిగుతుంది. పోయిన మార్చిలో పుట్టపాక పోయినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఫోటోలు తీస్తే పడ్తలేవు బిడ్డా, నిండిందంటుంది, జర చూడు" అంది. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే అందులో పైసలు పెట్టి ఆడే రమ్మీ కూడా కనిపించింది. మన తెలంగాణలో దాన్ని 2017లోనే నిషేధించారు. ఆమెకు అది రమ్మీ అని కూడా తెలియదు. "బొమ్మల పత్తాలు" అనుకుందట. నాకు మాత్రం చెమట పట్టింది, ఎందుకంటే మా స్టాఫ్ రూంలో ఒకాయన రెండేళ్ళ జీతం అలాంటి దాంట్లోనే పోగొట్టుకున్నాడు.

"అన్నీ తీసేస్తే నేనేం ఆడాలె మరి?" అంది పెద్దమ్మ.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి నేను ఇరుక్కున్నాను. ఇదంతా ఆ కథే.

పెద్దమ్మ ముప్పై ఏళ్ళు ఆసు పోసింది. చిటికి, అంటే ఇక్కత్, చీరలు నేసే ఇళ్ళ బయటి వాళ్ళకు ఆసు అంటే తెలియకపోవచ్చు. రంగు అద్దడానికి ముందు దారాన్ని అర్ధచంద్రంలాంటి చట్రం మీద, ఈ చివర ఉన్న మేకు నుంచి ఎదుటి వరుసలోని మేకుల దాకా చేత్తో చుడుతూ పోవాలి. ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆలేరు దగ్గర శారాజిపేట చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. యంత్రం వచ్చాక మా పెద్దమ్మ చేతికి విడుపు దొరికింది, భుజానికి మాత్రం దొరకలేదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటుంది. "చేతులు ఊకుంటలేవురా" అంటుంది. ఆ చేతులకే ఫోన్ కావాలి.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. కోడింగ్ అంతో ఇంతో వచ్చు. ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. ప్రకటనలు లేని ఒక చిన్న ఆట నేనే చేసి ఇస్తే పోలా అనుకున్నాను. ఏ ఆట అన్నదానికి ఎక్కువ ఆలోచించలేదు. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో నాయిన కొనిచ్చిన ప్లాస్టిక్ పలక గుర్తొచ్చింది. నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గడులు, 15 ముక్కలు, ఒక్క ఖాళీ. ఖాళీలోకి పక్క ముక్కను జరుపుతూ అంకెలన్నీ వరుసకు తేవాలి. అంకెల బదులు బొమ్మలు పెడితే సరి. చుట్టాల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు, చూస్తేనే అర్థమవుతుంది.

ఆటల తయారీకి గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత కంప్యూటర్‌లో ముందే ఉన్న మూడో వెర్షన్‌తో మొదలుపెట్టి ఒక వారం వృథా చేశాను. ముక్కలు జరిగాయి, ఖాళీ జరిగింది, తెలుగు మాత్రం జరగలేదు. "కొత్త ఆట" అని బటన్ మీద రాస్తే ఒత్తు విడిగా, కొమ్ము విడిగా, గుడి విడిగా వచ్చి కూర్చున్నాయి. లారీ వెనక పెయింటర్ కూడా అంత అన్యాయంగా రాయడు. నాలుగో వెర్షన్, అంటే 2023లో వచ్చింది, దించుకున్నాక ఒత్తులు వాటి చోటుకు అవి వచ్చాయి. ఫాంట్ కోసం వెతికితే సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఒకటి ఉచితంగా దొరికింది. గోలకొండ పత్రిక పెట్టిన పాలమూరు మనిషి పేరు మా ఆట బటన్ల మీదికి రావడం నాకు మహా నచ్చింది. ఎవరూ గమనించలేదనుకోండి.

బొమ్మలకు మాత్రం తిరిగాను. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మా ఇంటి నుంచి బండి మీద పావుగంట. భువనగిరి ఖిల్లా బస్సులో పోతూ తీసింది. గద్వాల కోట, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మా తమ్ముడు పంపాడు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పటి ఫోటో నా దగ్గరే ఉంది. అప్పుడు తెలిసింది, చూడ్డానికి మంచి ఫోటో అయితే ఆటకు మంచి బొమ్మ కానక్కర్లేదని. సాగర్ ఫోటోలో పైసగం ఆకాశం, కింద నురగ. ముక్కలు చేస్తే ఆరు ముక్కలు ఒకే నీలం. పిల్లలమర్రి ఇంకా ఘోరం, ఎక్కడ చూసినా ఆకులూ ఊడలే. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందెక్కించి బతికించుకున్న చెట్టు అది, దాన్ని ముక్కలు చేసి మళ్ళీ అతికించడానికి నాకే గంటంబావు పట్టింది. సాగర్‌ను తీసేశాను, మర్రిని చివరికి నెట్టాను. గుడి అన్నిటికంటే బాగా కుదిరింది. ప్రతి ముక్కలో ఒక రాతి అంచో, కంబం మొదలో ఉంటుంది, వేలు దేన్ని వెతకాలో కంటికి ముందే తెలుస్తుంది.

ఏడో బొమ్మ తేలియా రుమాలు. పెద్దమ్మ కోసమని పెట్టాను. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసే రుమాలు, పడుగూ పేకా రెండూ చిటికి కట్టేది. 2020లో పుట్టపాకలో నేసే ఈ రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రుమాలు ఫోటో తీయడానికి బద్ధకించి కంప్యూటర్‌లోనే గీశాను. ఒక గడి గీసి, దాన్నే కాపీ చేసి పక్కపక్కన అతికించాను. ఈ బద్ధకం గురించి తర్వాత చెప్తాను.

మొదటి రూపంలో పైన గడియారం తిరిగేది. ఎన్ని జరుపుల్లో ముగించారో లెక్క కూడా వచ్చేది. నాకు అది సహజంగా అనిపించింది. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు అని పిల్లల్ని ఏడాదంతా తోలే మనిషికి గడియారం లేని పని పనిలాగే అనిపించదు. మా సెకండియర్ పిల్లలకు చూపిస్తే వాళ్ళకూ నచ్చింది, నువ్వెంత నేనెంత అని పోటీ పడ్డారు. పెద్దమ్మకు పంపితే రెండో రోజు ఫోన్ చేసింది.

"ఆ గడియారం ఎందుకురా? నేనేమన్న బస్సుకు పోవాల్నా?"

తీసేశాను. జరుపుల లెక్కా తీసేశాను. తర్వాత చప్పుడు వంతు. ముక్క జరిగినప్పుడల్లా మగ్గం చప్పుడు రావాలని పక్కింటి వాళ్ళ మగ్గం దగ్గర రికార్డు చేసుకొచ్చి పెట్టాను, చాలా తెలివైన పని చేశాననుకుని. "బతుకంత అదే చప్పుడు. ఈడ గూడ అదేనా?" అంది. అదీ పోయింది. చివరికి మిగిలింది బొమ్మ పూర్తయినప్పుడు ఒక్క గంట. ఆమె దేవుడి గూట్లో ఉన్న ఇత్తడి గంటే, ఆమె చేత్తోనే కొట్టించి రికార్డు చేశాను. బొమ్మ కుదరగానే ఖాళీ గడిలోకి చివరి ముక్క వచ్చి కూర్చుంటుంది, గంట ఒక్కసారి మోగుతుంది, అంతే. పటాకులు, నక్షత్రాలు, "అద్భుతం" అనే మాటలు ఏమీ లేవు.

ఇంకో సంగతి నేను అక్కడ కూర్చుని చూస్తే గానీ తెలియలేదు. ఆమె ముక్క మీద వేలు పెట్టి జరుపుతుంది, ముక్క కదలదు. రెండోసారి పెడుతుంది. మూడోసారి పక్కనున్న చెంబులో వేలు ముంచి, కొంగుకు సగం తుడిచి పెడుతుంది, అప్పుడు కదులుతుంది. దారం రాసుకుని రాసుకుని చూపుడువేలి కొస గట్టిపడి, ఎండిపోయి ఉంది, తెరకు ఆ స్పర్శ అందట్లేదు. పైగా నేను వేలు పెట్టి లాగితేనే కదిలేట్టు చేశాను, సగం దారిలో తాకిడి తెగిపోతే ముక్క మొదటి చోటికే పోతుంది. అది మార్చి, ఊరికే తాకినా ఖాళీలోకి జరిగేట్టు పెట్టాను. ముక్కల మధ్య అందం కోసం వదిలిన సందు కూడా తీసేశాను. చెంబు అవసరం పూర్తిగా పోలేదు గానీ తగ్గింది.

ఇంతవరకూ ఆట పెద్దమ్మ ఒక్కదాని కోసమే. ప్లే స్టోర్‌లో పెట్టాలన్న దురద నాకు నేనే తెచ్చుకున్నాను. ఖాతాకు 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. ఆధార్‌లో ఉన్న పేరు, ఖాతాలో పేరు ఒక్కటేనని గూగుల్ వాళ్ళు తేల్చుకున్నారు. అసలు పని ఆ తర్వాత. 2023 నవంబరు 13 తర్వాత సొంత పేరు మీద ఖాతా తెరిచిన వాళ్ళెవరైనా ఆటను నేరుగా అందరికీ పెట్టలేరు. ముందు కొందరితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. మొదట్లో 20 మంది అనే వారు, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు.

పన్నెండు మందే కదా అనుకుంటాం. పెళ్ళికి వెయ్యి మందిని పిలవొచ్చు గానీ, ఆండ్రాయిడ్ ఫోన్ ఉండి, తన జీమెయిల్ ఏదో తనకు తెలిసి, పంపిన లింకు నొక్కి "చేరతాను" అని ఒప్పుకుని, రెండు వారాలు తీసేయకుండా ఉంచుకునే పన్నెండు మందిని వెతకండి, తెలుస్తుంది. మా ఆవిడ, తమ్ముడు, మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తాగా ఉన్న క్లాస్‌మేటు, డిపోలో పనిచేసే బావమరిది, ముగ్గురు పాత విద్యార్థులు, పాల ప్యాకెట్లు వేసే పిల్లాడు. మా ప్రిన్సిపాల్ సార్ ఉత్సాహంగా ముందుకొచ్చారు గానీ ఆయనది ఐఫోన్. జీమెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయిన వాళ్ళే నలుగురు, ఆ నలుగురికీ కొత్తవి నేనే చేసిచ్చాను. సరిగ్గా పన్నెండు మందిని లెక్కపెట్టుకుని మొదలుపెట్టడం నేను చేసిన తప్పు. తొమ్మిదో రోజు బావమరిది కొత్త ఫోన్ కొన్న సంబరంలో పాత ఖాతాల్లోంచి అన్నిట్లోంచీ బయటికొచ్చాడు, పరీక్షలోంచి కూడా. లెక్క పదకొండుకు పడింది. రోజులు మళ్ళీ ఒకటి నుంచి. ఈసారి పదిహేను మందిని కూర్చుకున్నాను. మీరెవరైనా ఈ పనికి దిగితే పన్నెండుకు ఇద్దరు ముగ్గురు ఎక్కువే పెట్టుకోండి.

ఇప్పుడు చూస్తే బావమరిది నాకు మేలే చేశాడు. రెండో విడత ఆ పద్నాలుగు రోజులు లేకపోతే అసలు తప్పు బయటపడేది కాదు.

మొదటి ఫిర్యాదు రెండో విడత మూడో రోజు వచ్చింది. పెద్దమ్మే. "రుమాలు బొమ్మ అంత వచ్చిందిరా. గంట కొడ్తలేదు."

వాట్సాప్‌లో ఫోటో పంపమన్నాను. నిజమే, రుమాలు చక్కగా ఉంది, ఎక్కడా తేడా లేదు. కాసేపటికి నాకు వెలిగింది. నేను ఒకే గడిని కాపీ చేసి అతికించాను కదా. ఆరో ముక్క, ఏడో ముక్క చూడ్డానికి ఒక్కటే, కానీ ఆట లోపల వాటికి వేరువేరు అంకెలున్నాయి. ఆరు చోట ఏడు కూర్చుంటే మనిషి కంటికి బొమ్మ పూర్తయింది, ఆటకు కాలేదు. దొరికింది దొంగ అని సంబరపడి ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నా సంబరాన్ని పట్టించుకోలేదు.

"రెండు గళ్ళు ఒక్క తీరుగ ఎట్లుంటయిరా? మగ్గం మీద ఏ రెండు గళ్ళు ఒక్క తీరుగ ఉండవు. నువ్వు గీసిందే తప్పు."

ఆ ఆదివారం నేను మునుగోడు మీదుగా బండేసుకుని వెళ్ళాను. సందూకలోంచి పాత తేలియా రుమాలు తీసి మంచం మీద పరిచింది. పెదనాయిన నేసింది. ముట్టుకుంటే ఇంకా కొద్దిగా నూనె వాసన. అప్పుడు చూశాను దగ్గర్నుంచి. ఎరుపు తెలుపు కలిసే చోట గీత గీసినట్టు ఉండదు, రంగు కొంచెం ఇటు పాకి ఉంటుంది, ఒక గడిలో రెండు పోగుల మేర, ఇంకో గడిలో నాలుగు. రబ్బరు ట్యూబు ముక్కలతో ఎంత బిగించి కట్టినా రంగు సందు చేసుకుంటుందట. ఫోటో తీసి ఏడో బొమ్మగా అదే పెట్టాను. ఇప్పుడు పదిహేను ముక్కలూ పదిహేను రకాలు. నాకు వాటి తేడా తెలియడానికి కళ్ళద్దాలు కావాలి, ఆమెకు అక్కర్లేదు.

నాలుగు రోజులకు మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు తగ్గి ఉంది.

"కింది వర్సల రెండు ముక్కలు తారుమారున్నయి బిడ్డా. అన్నీ సక్కగొస్తున్నయి, ఆ రెండు వస్తలేవు. నిన్న రాత్రి నాలుగు గొట్టింది."

"జరుపుతూ ఉండు పెద్దమ్మా, వస్తది" అన్నాను. ఇంకో రెండు రోజులు పోయాయి. మా ఆవిడతో అన్నదట: "వానికి చెప్పకు. నాకే చేతనైతలేదు, ముసలితనమొచ్చింది."

ఆ మాట విన్నాక నేను మొదటిసారి బుద్ధిగా కూర్చుని ఆమె పంపిన ఫోటోను కాగితం మీద అంకెలుగా రాసుకున్నాను. 1 నుంచి 13 వరకు సరిగ్గా ఉన్నాయి. ఆ తర్వాత 15, 14. ఖాళీ చివర్లో.

ఎమ్మెస్సీ లెక్కలు చదివిన వాడికి ఆ వరుస చూసి చెంప మీద కొట్టినట్టు కావాలి. నాకూ అయ్యింది, ఆరు రోజులు ఆలస్యంగా. ఇది ప్రపంచంలోనే పేరుమోసిన అసాధ్యం. 1880 ప్రాంతంలో అమెరికాను ఈ ఆట పిచ్చెక్కించింది. శామ్ లాయిడ్ అనే పజిళ్ళ మనిషి 14, 15 మాత్రమే తారుమారైన పలకను సరిచేసిన వాళ్ళకు వెయ్యి డాలర్లు ఇస్తానన్నాడు. ఆయన డబ్బుకు ఏ ఢోకా లేదు, ఎందుకంటే అది కాదని 1879లోనే ఇద్దరు గణితజ్ఞులు నిరూపించి అచ్చు వేశారు. ముక్కల్ని ఎలాపడితే అలా పేరిస్తే, అలాంటి పేర్పుల్లో సరిగ్గా సగం ఎన్నటికీ కుదరవు. నా ఆటలో "కొత్త ఆట" నొక్కినప్పుడల్లా పదిహేను ముక్కల్నీ పేకముక్కల్లా కలిపేసి పరిచేస్తున్నాను. అంటే రెండు ఆటల్లో ఒకటి కుదరని ఆట. తరగతిలో ప్రస్తారాలు, సంయోగాలు చెప్పే నేను, పెద్దమ్మను కూర్చోబెట్టి శామ్ లాయిడ్ పందెం ఆడించాను.

మరి మిగతా పద్నాలుగు మందికి ఎందుకు తెలియలేదు? అడిగాను. అందరూ ఒకే మాట. కుదరకపోతే "కొత్త ఆట" నొక్కేశారు. అది ఆట తప్పని ఎవరికీ తట్టలేదు, విసుగొచ్చి వదిలేశారు. నేనైతే అసలు పూర్తిగా ఆడనే లేదు. రెండు జరుపులు చూసి, నా కోసం దాచిపెట్టుకున్న "ముగించు" బటన్ నొక్కి, గంట మోగిందా లేదా అని చూసుకునేవాణ్ణి. పెద్దమ్మ ఒక్కతే "కొత్త ఆట" బటన్ జోలికి పోలేదు. ఎందుకని అడిగితే, "మగ్గం మీద సగం చీర కోసి పారేసి కొత్త పడుగు ఎక్కిస్తమా?" అంది.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. నేను గీసిన కాపీ రుమాలు ఈ తప్పును కప్పేసింది. ఒకేలా ఉన్న ముక్కలు రెండుంటే ఏ పేర్పయినా కంటికి కుదిరినట్టే వస్తుంది, తారుమారు ఆ రెండిటి మధ్య దాక్కుంటుంది. గంట మోగకపోవడం ఒక్కటే దాని జాడ. నేను ఆ జాడను వేరే తప్పు కింద రాసుకుని మూసేశాను.

ఫోన్‌లో చెప్పే సంగతి కాదని మళ్ళీ పుట్టపాక పోయాను. పెండ్లి పత్రికల అట్టలు కోసి పదిహేను ముక్కలు చేశాం, సుద్దముక్కతో గచ్చు మీద పదహారు గడులు గీశాను. గడి విడిచి గడి నలుపు రాశాను, చదరంగం పలకలాగ. "ఖాళీ గడిని చూడు పెద్దమ్మా. ఒక జరుపుకు నల్ల దాంట్లోకి పోతది, ఇంకో జరుపుకు తెల్ల దాంట్లోకి." జరిపినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెట్టమన్నాను. ఖాళీ తన మూలకు తిరిగొచ్చేసరికి గింజలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. మళ్ళీ ఆడించాను, పద్నాలుగు. మళ్ళీ, ముప్పై. ఎప్పుడూ సరి సంఖ్యే, బేసి రాదు. ఆ మూల నలుపైతే నలుపులోంచి బయల్దేరి నలుపులోకి రావాలంటే సరి జరుపులే పడతాయి. ఒక్కో జరుపూ ఒక ముక్కకూ ఖాళీకీ మధ్య ఒక మార్పిడి. ఇటేమో రెండు ముక్కలు మాత్రమే చోట్లు మార్చుకోవాలంటే మార్పిళ్ళు బేసి కావాలి. సరి జరుపులతో బేసి మార్పిడి ఎప్పటికీ జరగదు.

ఆమె చింతగింజల కుప్ప వైపు కాసేపు చూసింది. "అంటే నాకు చేతకాక కాదు."

"కాదు."

"నీకు చేతకాక."

"అవును పెద్దమ్మా."

మా ఆవిడ చాయ్ తెస్తూ గడపలోనే ఆగి నవ్వింది. ఆ రోజంతా వచ్చిన ప్రతి మనిషికీ పెద్దమ్మ గచ్చు మీద ఆ గింజల ఆట చూపించింది, "మా లెక్కల సారు తప్పు చేసిండు" అనే ముందుమాటతో.

సరిచేయడం పది నిమిషాల పని. ముక్కల్ని కలిపి పరచడం మానేశాను. ఇప్పుడు ఆట మొదట బొమ్మను పూర్తిగా పేర్చి, ఖాళీ గడిని అటూ ఇటూ రెండు మూడు వందల సార్లు తనే నడిపిస్తుంది. నడిచి వచ్చిన దారి ఉంది కాబట్టి తిరిగి పోయే దారీ ఉన్నట్టే. లెక్క కావాలంటే ఇదీ చెప్తాను: నాలుగు వరుసల పలకలో కుదిరే పేర్పులు పది లక్షల కోట్ల పైనే, అయినా ఎంత చిక్కుపడిన పేర్పునైనా 80 జరుపుల్లో విప్పొచ్చని తేల్చారు. మా పెద్దమ్మకు మూడు వందలు పడతాయి. ఆమెకు తొందర లేదు.

పద్నాలుగు రోజులు నిండాక ఒక ఫారం వచ్చింది. పరీక్షకు మనుషుల్ని ఎలా కూర్చారు, వాళ్ళేం చెప్పారు, మీరేం మార్చారు అని అడుగుతారు. మార్చిందేమిటన్న చోట ఈ కథను ఆరు వాక్యాలకు కుదించి రాశాను, చింతగింజలు వదిలేసి. అనుమతి వచ్చింది. ప్రకటనలు పెట్టలేదు. పైసా రాలేదు, రావాలని చేసింది కూడా కాదు. దించుకున్న వాళ్ళు నూటయాభై దాటలేదు, అందులో సగం మంది మా కాలేజీ పిల్లలే.

ఆట బయటికొచ్చిన వారానికి పెద్దమ్మ ఇంకోసారి ఫోన్ చేసింది. నాకు టెన్షన్ మొదలైంది.

"గంట కొడ్తుంది, అంత మంచిగుంది. గని ఆ రుమాలు మీద రెండో వర్స, మూడో గడి చూసినవా?"

తెరిచి చూశాను. నాకేం కనిపించలేదు.

"పెద్దగ చేసి చూడు. నల్ల గీత విరిగింది. నేను పోసిన ఆసు అది. ఆ దినం జరమొచ్చిందుండె, రెండు పోగులు జరిగినయి. మీ పెదనాయిన మగ్గమెక్కినంక చూసిండు. ఏమనలే. అట్లనే నేసిండు." కాసేపు ఆగింది. "గిది పది మంది చూసేది గద. ఆ గడి తీసేయరాదు?"

ఆటలో ఒక గడి ఎలాగూ ఖాళీ ఉండాలి. ఎప్పుడూ కింది మూలే ఎందుకుండాలి? ఏడో బొమ్మకు ఒక్కదానికి ఖాళీని రెండో వరుస మూడో గడికి మార్చాను. అయితే బొమ్మ పూర్తికాగానే ఖాళీలోకి ఆ ముక్క వచ్చి కూర్చుంటుంది కదా, అదీ ఆపమంది. ఆపాను. ఇప్పుడు రుమాలు కుదిరి గంట మోగినా ఆ ఒక్క గడి నల్లగా ఖాళీగానే ఉంటుంది.

మొన్న సెకండియర్ పిల్లాడొకడు క్లాసు అయ్యాక ఫోన్ పట్టుకొచ్చాడు. "సార్, ఏడో బొమ్మల ఒక ముక్క వస్తలేదు. బగ్ ఉంది సార్."

"తెలుసురా" అన్నాను.